కలుపు లోవమ్మ

మా లోవమ్మ పిన్ని చేతికి దొరికిందంటే ఆ కలుపుకి నూకలు చెల్లినట్టే. వరిలో వరిలాగే నిలబడే ఊద గడ్డిని కూడా ఆకు తడిమి పట్టేసేది. కలుపు మందులు వచ్చాక మాత్రం ఆ పనికి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. రెండు పంటలు ఖాళీగా కూర్చుని, తొంభై ఆరులో కడియం వెళ్ళి చంద్రరావు గారి నర్సరీలో పనికి కుదిరింది.

అప్పటికి దేశంలో లైసెన్సుల కట్లు సడలి, హైదరాబాదులో కొత్త కంపెనీలు లేస్తున్నాయి. ఆ అద్దాల మేడల ముందు పరవడానికి వాళ్ళకి గడ్డి కావాలట. చంద్రరావు గారు బెంగుళూరు నుంచి తెప్పించి ఒక మడిలో పెంచుతున్నారు. ఆ సంగతి పిన్నికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదు. గేదెల్లేనివాళ్ళు గడ్డి కొనడమేంటి?

మొదటిరోజే ఆయన రాజమండ్రి వెళ్తూ, “ఆ మడి కాస్త బాగుచెయ్యమ్మా” అన్నారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి సగం మడి అద్దంలా ఉంది. పీకిన గడ్డి గట్టు మీద కుప్పపడి ఉంది.

“ఇదేంటమ్మా?”

“కలుపండి. మొదలంటా తీసేశానండి,” అంది పిన్ని, ఆయన మెచ్చుకుంటారని చూస్తూ.

ఆయన గట్టు మీద కూలబడ్డారు. అది అమ్మే గడ్డి అని, రెండు నెలల్లో లారీ వస్తుందని చెప్పారు. ఈ పని కూడా పోతే ఇక పిన్నికి చేసుకోవడానికేమీ లేదు.

“నా బుద్ధి గడ్డి తిందండి.”

“తిన్నా బాగుండును. పైపైన మేస్తే మళ్ళీ చిగురిస్తుంది. నువ్వు వేళ్ళతో సహా పీకేశావు కదమ్మా.”

పిన్ని కుప్ప వైపు చూసింది.

“వేళ్ళున్నాయి కదండీ. తుంగని పీకి గట్టునేస్తే, చినుకు పడగానే లేచి కూర్చుంటుందండి. ఇదీ అంతేనేమోనండి. నాటేస్తాను.”

వరికి చేసినట్టే ఖాళీ అయిన సగానికి నీళ్ళు పెట్టి దమ్ము చేసి, పోచ పోచా విడదీసి ఎడంగా వరసల్లో నాటింది. మడి నిండిపోయినా కుప్ప ఇంకా మిగిలింది. పక్క మడిలోనూ నాటింది. పది రోజులు పిన్నికి అన్నం సయించలేదు. పదకొండో రోజున పచ్చటి మొనలు కనిపిస్తే, గట్టు మీద కూర్చుని ఏడ్చేసిందట. లారీ వచ్చేనాటికి చంద్రరావు గారికి ఒక మడి గడ్డి రెండు మళ్ళయింది. పిన్ని ఉద్యోగం గట్టిపడింది.

ఏడేళ్ళకి పిన్ని సొంతంగా ఎకరం కౌలుకి తీసుకుని గడ్డే వేసింది. ఊళ్ళో వాళ్ళు నవ్వారు, తర్వాత వాళ్ళూ వేశారు. తొలి లారీ ఎక్కి పిన్ని నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్ళింది. ఓ కంపెనీ ముందు రెండు రోజులు గడ్డి పరిచి, నీళ్ళు పెట్టి, ఎలా ఉందో చూద్దామని మధ్యకి నడిచింది. కొత్తగా డ్యూటీకొచ్చిన వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

“ఏందమ్మా, గడ్డి తొక్కుతున్నవ్? దిగు, దిగు.”

పిన్ని పక్కకి జరిగింది. జరుగుతూనే వంగి, పచ్చికలోంచి ఒక్క తుంగ మొలక మొదలంటా లాగి అతని చేతిలో పెట్టింది.

“ఇదొక్కటే కలుపు బాబూ. మిగతాదంతా నేను నాటిందే.”