కొర్రమట్ట కుడి కన్ను

"సారు పోయిండట" అన్నాడు మా ఇంటాయన పోయిన నెల ఒక పొద్దున, చేతిలో ఉలి పక్కన పెడుతూ. ఏనుగు బొమ్మ మీద అంబారీకి అంచు దిద్దుతున్న నేను కుంచె కూడా కడగకుండా వీధి చివరి దాకా వెళ్లాను. మా నిర్మల్ ఊరి పిల్లలకు ఏండ్ల తరబడి సైన్సు చెప్పిన మనిషిని వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. ఏడ్చాను. ఏడుస్తూనే లోపలి గదిలోకి చూశాను. గాజు తొట్టిలో కొర్రమట్ట తిరుగుతున్నది. చెయ్యంత పొడవు చేప. దానికి ఒక్క కుడి కన్నే ఉంది. ఎడమది ఎట్లా పోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాకు నోరెక్కువ. సారు మాట్లాడేదే తక్కువ. ఎవరేం చెప్పినా కండ్లద్దాలు ధోవతి అంచుతో తుడుచుకుంటూ ఒక్క మాట అడిగేవాడు: "చూసినవా, అనుకున్నవా?" వాన వస్తుందన్న పిల్లలనూ అదే అడిగేవాడు, కూరగాయలామె తూకంలో మోసం చేసిందన్న నన్నూ అదే అడిగేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇదేమన్నా కచేరీయా, సాక్ష్యం చెప్పడానికి! ఆ మాటే ఒకరోజు నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడేం తెలుసు?

ఆ చేపను తెచ్చింది సారు భార్య. దోమ పురుగులను తింటుందని పెరట్లో నీళ్ల గాబులో వేలెడంత పిల్లను వేసింది. అది ఆమె చేతిలోంచే రొయ్యలు తిని అంత పెద్దదైంది. ఆమె జ్వరంతో పోయాక సారు బడి నుంచి వచ్చి గాబు పక్కనే కూర్చునేవాడు. ఒకరోజు మా ఇంటికొచ్చి, "ఓ తొట్టి చెయ్యరాదు తమ్మీ. మూడు దిక్కుల అద్దం, ఎన్క టేకు చెక్క. లోపటి గదిల నా కండ్ల ముందట ఉంటది" అని మా ఆయనను అడిగాడు.

మా ఆయన చక్కగా చేశాడు. తప్పు నాది. రంగు వెయ్యని చెక్కను గడప దాటించడం మా ఇంట్లో లేదు. మా మామ రాళ్లు నూరి రంగులు తీసేవాడు, నేను బజారులో కొత్తగా దొరికే డబ్బా రంగు తెచ్చాను. వెనక చెక్కకు లోపలి వైపు, నీళ్లు తగిలే వైపే, పచ్చటి ఆకులు, తామరపూలు వేశాను. "రెండు వారాలు ఎండనియ్యే" అన్నాడు మా ఆయన. నాలుగో రోజే సారు వచ్చాడు. పూలు చూసి ఆయన ముఖం వెలిగింది.

"రంగు ఎండిందా చెల్లే?"

"ఎండింది సారూ."

"చూసినవా, అనుకున్నవా?"

పొద్దున వేలు పెట్టి చూశాను. కొంచెం అంటుకుంది. అయినా, ఆయన మళ్లీ అట్లా అడిగేసరికి రోషం వచ్చి, "చూసిన" అన్నాను.

పది రోజులకు చేప ఎడమ కన్ను ఉబ్బింది. గుడ్డు మీద తెల్లటి పొర కమ్మింది. సారు పరేషాన్ అయి నన్ను పిలిచాడు. "ఒక్క కన్ను ఉబ్బితే దెబ్బ తగిలినట్టు. రెండూ ఉబ్బితే నీళ్ల తప్పు. జర నీ చెయ్యి పెట్టి చూడు, చెక్కకు యాడన్న ముల్లు లేసిందేమో." చెక్కంతా తడిమాను. ముల్లు లేదు. నా వేలికి పచ్చటి జిగురు అంటింది. గబుక్కున కొంగుకు తుడుచుకున్నాను.

"ఏం లేదు సారూ" అన్నాను.

అప్పటి నుంచి నా ప్రాణమంతా ఆ కుడి కన్ను మీదే. రోజూ పొద్దున చల్ల కోసమనో, నిప్పు కోసమనో వంక పెట్టుకొని పోయి చూసేదాన్ని. సారు ఎడమ వైపు రొయ్యను ఆడిస్తే చేపకు తెలిసేది కాదు. కుడి వైపు ఆడిస్తే ఠక్కున అందుకునేది. "కుడిది మంచిగున్నది, ఫికర్ లేదు" అని ఆయనే నాకు ధైర్యం చెప్పేవాడు. సారుకు నిజం చెప్పేస్తానంటే మా ఆయన కసిరాడు. "ఊకో. పిల్లలు నోట్ల పెట్టుకునే గిలకలు మనయి. మన రంగుల విషమున్నదని తెలిస్తే రేపటికెల్లి ఎవడన్న కొంటడా?"

అయిదో రోజు కుడి కన్ను మీద కూడా సన్నటి మబ్బు. సారు రొయ్యను ఆడించాడు. చేప దూకింది, గురి తప్పి మూతి అద్దానికి కొట్టుకుంది. మళ్లీ దూకింది, మళ్లీ తప్పింది. ఆయన రొయ్యను పక్కన పెట్టాడు. "దానికి ఆమె చెయ్యి ఎరుక చెల్లే. ఆమెను ఎరిగినయి ఇగ మేమిద్దరమే" అన్నాడు. ఇంక నావల్ల కాలేదు.

"రంగు ఎండలే సారూ! నా వేలికి అంటింది. ఎండింది, చూసిన అని అబద్ధమాడిన."

ఆయన నా ముఖం కూడా చూడలేదు. "గోలెం కడుగు. జల్ది" అన్నాడు. వాకిట్లోని ఆ పెద్ద మట్టితొట్టిని తోమి, బిందెల్లో ఉన్న నిన్నటి బావినీళ్లు పోశాను, ఇంత దొడ్డుప్పు వేశాను. తడి గోనెలో చేపను చుట్టి ఇద్దరం మోశాం. అది తోకతో నా రొమ్ము మీద ఫెడీమని కొట్టింది. కొట్టనీ అనుకున్నాను. రోజూ సగం నీళ్లు తీసి సగం పోశాం. మూడు రోజులు సారు నాతో మాట్లాడలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగో రోజు కుడి వైపు రొయ్య పెడితే ఠక్కున అందుకుంది. సారు అక్కడే నేల మీద కూలబడ్డాడు. "కనవడ్డది చెల్లే, కనవడ్డది!" నేను నోరు తెరిచి చిన్నపిల్లలా ఏడ్చాను. ఎడమ కన్ను మాత్రం కుంచించుకుపోయింది. మా ఆయన చెక్క మీది రంగంతా పోయేదాకా చిత్రిక పట్టాకే చేప తిరిగి తొట్టిలోకి వచ్చింది. సారు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సారు పోయిన పదకొండో రోజు వాళ్ల ఇంట్లో పక్కింటామె తొట్టి వైపు చూసి నిట్టూర్చింది. "పాపం, తొట్టి కడుగంగ సారు చెయ్యే తాకి గా కన్ను పోయిందట. ఎంత బాధపడేటోడో."

"ఎవరు చెప్పిండ్రు?" అన్నాను.

"సారే. ఎవరడిగినా గదే చెప్పేటోడు."

అనుకున్నది చెప్పొద్దు, చూసిందే చెప్పమని ఊరందరినీ నిలదీసిన మనిషి, నేను అమ్ముకునే గిలకల కోసం ఇన్నేండ్లు నా తప్పు తన చేతి మీద వేసుకున్నాడు. నేను ఇంత నోరు పెట్టుకొని ఒక్కనాడూ నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పుతున్నాను. అది సారు చెయ్యి కాదు, నా రంగు. ఇది అనుకున్నది కాదు, చూసింది. గిలకలు కొనేవాళ్లు కొనండి, మానేవాళ్లు మానండి.

సారు తమ్ముడు ఆ తొట్టి మాకే ఇచ్చాడు. పొద్దున రొయ్య పట్టుకొని వంగుతాను. చేప ఒళ్లంతా మెల్లగా తిప్పి కుడి కన్ను అద్దానికి ఆనిస్తుంది. చాలాసేపు నా చెయ్యి వైపే చూస్తుంది. ఆ తర్వాతే తీసుకుంటుంది.