మగ్గం మీద లేని ఎర్ర పోగు

మా బాపు వరంగల్‌లో జంపఖానాలు నేసేవాడు. చక్కెర బీమారి ఆయన ఎడమ కంటిని అప్పటికే మింగేసింది. రెండోదైనా దక్కాలంటే లేజరు పెట్టించాలని డాక్టరు చెబితే, పొద్దున బండికి ఆయన్ని తీసుకొని హైదరాబాద్ పోయాను. ఎనభైల చివరి మాట ఇది. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టేది ఆ ఒక్క కన్నే.

చీకటి గదిలో గడ్డం ఒక స్టాండు మీద ఆనించి కూర్చోబెట్టారు. పచ్చటి మెరుపులు కొన్ని మెరిశాయి, అంతే. "పోయిన చూపు దీనితో రాదు, ఉన్నది నిలబడుతుంది. వచ్చే నెల మిగతా సగం చేయాలి, తప్పకుండా రండి" అన్నాడు డాక్టరు. బాపు బుద్ధిగా తలూపాడు.

మా వాడలో కంటి ఆపరేషన్ అంటే శుక్లం తీయడమే. కంటికి పచ్చగుడ్డ, తరువాత నల్లద్దాలు, తలకు నీళ్లు బంద్, చూడవచ్చే వాళ్ల చేతుల్లో డబల్‌రొట్టె. బాపు అదే రోజు ఒట్టి కళ్లతో బండి దిగాడు. రొట్టెలు పట్టుకొని వచ్చినవాళ్లు పట్టీ ఏదని చూశారు.

"కోసుడు లేదు, కుట్టుడు లేదు. గిదేం ఆపరేషనురా?" అన్నాడు పక్కింటి పెద్దాయన.

మర్నాడు బాపు మగ్గంలో కూర్చున్నాడు. మెరూను పోగూ నల్లపోగూ మునుపటిలాగే ఒక్కతీరుగా కనబడ్డాయి.

"జరంత నొప్పన్న పెట్టలే. నొప్పి పెట్టని దవ యాడ పనిచేస్తది?" అన్నాడు.

ఆయన లెక్కలో పనంటే నడుం విరగాలి, మందంటే చేదుండాలి. అమ్మ బతిమాలింది. నేను కోప్పడ్డాను.

"ఉన్నది నిలబడ్తదన్నడు గదా బాపూ."

"ఉన్నది ఎట్లైనా ఉండనే ఉన్నది గద బిడ్డా."

నెల వచ్చింది, పోయింది; బాపు బండెక్కలేదు. ఆ రొట్టెలు తెచ్చినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఒక పొద్దున మగ్గంలోంచి అమ్మను పిలిచాడు. "ఏమే, ఎర్ర పోగొకటి తెగి కండ్ల ముందట ఏలాడుతాంది. జర తియ్యి."

అమ్మ పడుగంతా వెతికింది. ఆ రోజు నేస్తున్నది నీలం, తెలుపు.

"గీడ ఎర్ర పోగే లేదు" అంది.

బాపు చెయ్యి మాత్రం గాలిలో దాన్ని పట్టుకోబోతూనే ఉంది. అది కంటి లోపల కారుతున్న నెత్తురని మాకేం తెలుసు. పొద్దుగూకేసరికి ఆ కన్ను కూడా పోయింది.

చక్కెర నాకూ వచ్చింది. మొన్న నా కంటికీ లేజరు పెట్టారు. అదే చీకటి గది, అవే పచ్చటి మెరుపులు. నా చెంపలు తడవడం చూసి డాక్టరమ్మ చెయ్యి ఆపింది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"లేదమ్మా, అస్సలు లేదు" అన్నాను. ఆ మాట అన్నాక ఇంకా ఏడుపొచ్చింది.