పికప్ ముందు భాగం ఎంత ఎత్తాలి?

2006లో నన్ను పలాస సర్వీసు కేంద్రానికి వర్క్స్ మేనేజరుగా వేశారు. సరుకు బండ్లు అమ్మే ఒక సంస్థకు అది శాఖ. వర్క్స్ మేనేజరు అంటే షెడ్డులోకి వచ్చిన ప్రతి బండికీ పూచీదారు. మెకానిక్కు బిగిస్తాడు, ఫోర్‌మన్ సరిచూస్తాడు, రోడ్డు మీద ఏదైనా ఊడితే మాత్రం తిట్లు నాకు. పైగా నేను స్వతహాగా భయస్తుణ్ణి. బిగించిన నట్టును మళ్లీ వెళ్లి తడిమి చూసుకుని వస్తే గాని నాకు అన్నం సహించదు.

పలాస పక్కన కొబ్బరితోటల ఉద్దానంలో పికప్‌లకు ఒక జబ్బు ఉండేది. కొన్న నెలలోపే యజమానులు వెనక చక్రాల మీద అదనంగా రెండు కమాను పట్టీలు, అంటే బరువు మోసే స్ప్రింగు రేకులు, వేయించేవారు. కొబ్బరికాయలు నిండా ఎక్కించినా వెనక భాగం కూలబడకూడదని. బరువున్నంతసేపూ బండి బాగానే ఉంటుంది. దింపేశాక వెనక పైకి లేచి, ముందు భాగం నేల వాసన చూస్తున్నట్టు వంగిపోతుంది. దాన్ని సరిచేయడానికి ముందు స్ప్రింగుల మీద ఇనుప బిళ్ళలు పెట్టి ఎత్తుతారు. ఆ సామానునే లెవెలింగ్ కిట్ అంటారు. కుర్రకారుకి అదో మోజు.

అక్కుపల్లి దగ్గర నుంచి కూర్మారావు అనే కొబ్బరి వ్యాపారి అలాంటి కిట్టు విశాఖలో కొని పట్టుకొచ్చాడు. రెండంగుళాల మందం బిళ్ళలు! చూడగానే నాకు ఒళ్ళు మండింది. అంత ఎత్తితే చక్రాలు నిలబడే వాలు మారిపోతుంది, సరుకు ఎక్కాక ముందు భాగం మరీ లేచి స్టీరింగ్ చేతిలో తేలిపోతుంది, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి. ఇదంతా చెప్పాను. ఆయన నేల చూస్తూ విన్నాడు.

"ముందు ఎత్తుగుంటే సూడ్డానికి బాగుంతాది సార్. ఎయ్యండి," అన్నాడు.

నలభై దాటిన మనిషికి ఈ సోకేమిటని విసుక్కున్నాను. అయినా ఎంత ఎత్తు కావాలో తేల్చుకుందామని, ముందు భాగానికి జాకీ పెట్టించి కొద్దికొద్దిగా లేపించాను. అప్పుడు కూర్మారావు చేసిన పని నాకు అర్థం కాలేదు. సోకు కావలసినవాడు పది అడుగుల దూరం వెళ్లి నిలబడి బండిని చూసుకుంటాడు. ఈయన చెప్పులు విడిచి వెనక బాడీలోకి ఎక్కి, కేబిన్ వైపు తల పెట్టి వెల్లకిలా పడుకున్నాడు.

"ఇంకొంచెం లేపండి సార్. ఇంకా జారతంది," అన్నాడు పడుకునే.

మెకానిక్కులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వాళ్ళను టీకి పంపేసి, పడుకునేది ఎవరయ్యా అని అడిగాను. ఆయన లేచి కూర్చుని, షెడ్డు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెప్పాడు. వాళ్ళ అప్ప, అంటే అక్క నీలమ్మకు కిడ్నీలు పోయాయి. విశాఖలో డయాలసిస్. కాయలు వేసుకుని వెళ్లేటప్పుడు ఆమె ముందు సీట్లోనే కూర్చుంటుంది. తిరుగు ప్రయాణంలో కూర్చునే ఓపిక ఉండదు. రైల్లో ఒకసారి సొమ్మసిల్లి పడిపోయింది. అందుకని ఖాళీ బాడీలో పరుపు వేసి తెస్తున్నాడు. బ్రేకు వేసినప్పుడల్లా పరుపుతో సహా జారి, తల కేబిన్ రేకుకు కొట్టుకుంటోంది. తల వెనక తలుపు వైపు పెట్టించమంటే, కేబిన్ వెనక అద్దం దగ్గర తల ఉంటేనే ఆమె పిలుపు తనకు వినబడుతుందన్నాడు.

"ఎవులికీ సెప్పకండి సార్. మేనల్లుడికి సమ్మంధాలు సూత్తన్నాం. తెలిత్తే ఒక్కరు రారు."

ఉద్దానంలో ఊరూరా ఉన్న ఈ కిడ్నీ జబ్బును ఆ రోజుల్లో ఇళ్ళకు ఇళ్ళు అలా దాచుకునేవి. సరుకు బండిలో మనిషిని పడుకోబెట్టడం నిబంధనలకు విరుద్ధమని చెప్పాను. తలూపాడు. అద్దె కారు పెడితే ఊళ్ళో ఆరా తీస్తారన్నాడు. అక్కడి నుంచి ఆ బండి నా గుండె మీద కూర్చుంది.

వాలు ఒక్కటే అయితే బిళ్ళలతో సరిపోయేది. ఖాళీ బండిలో ఆ మొండి పట్టీలు అసలు వంగవు, ప్రతి గుంతా ఆమె వెన్నుకే తగులుతుంది. ఈయన దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. అందుకని అదనపు పట్టీలు రెండూ ఊడదీయించాను. వాటి బదులు ఇరుసు పైన రబ్బరు దిమ్మలు పెట్టించాను. ఖాళీగా ఉంటే అవి దేనికీ తగలవు, బరువు పడి బాడీ కిందికి దిగినప్పుడే ఆనుకుంటాయి. మిగిలిన కాస్త వాలుకు, ఆయన తెచ్చిన బిళ్ళలు కాకుండా అరంగుళం బిళ్ళలు ముందు వేయించి, చక్రాల అలైన్‌మెంటు మళ్లీ చేయించాను. కాయలు తగ్గించి ఎక్కించాలని షరతు పెట్టాను. సరేనన్నాడు.

బండి అప్పగించాక కూడా నాకు కుదురు లేదు. దిమ్మలు తప్పుకుంటే? సరుకుతో స్టీరింగ్ తేలిపోతే? సెలవు పెట్టి, మొదటి ప్రయాణానికి నేనూ ఎక్కాను. వెళ్లేటప్పుడు ఆగిన ప్రతిచోటా కిందికి దూరి నట్లు చూశాను. నీలమ్మ నన్ను చూసి, "ఈ బాబుకి ఏటి పోయిందిరా కింద?" అని తమ్ముణ్ణి అడిగింది.

మర్నాడు డయాలసిస్ అయ్యాక, మధ్యాహ్నం దాటి విశాఖలో బయల్దేరాం. ఆమె పరుపు మీద, మేమిద్దరం కేబిన్‌లో. దారిలో రెండు మూడుసార్లు మూలుగు వినబడింది. నరసన్నపేట దాటాక అదీ లేదు. కూర్మారావు అద్దం మీద వేలితో కొట్టాడు. పలుకు లేదు. "అప్పా!" అని గట్టిగా పిలిచాడు. లేదు. ఆయన అద్దంలోంచి వెనక్కి చూడబోయాడు, పడుకున్న మనిషి అందులో కనబడదు. ఆసుపత్రి ఉన్న టెక్కలి ఇంకా రాలేదు. బండి పక్కకు తీయమన్నాను. ఇద్దరం చెరో వైపు నుంచి వెనక్కి పరుగెత్తాం. నా పట్టీలు, నా దిమ్మలు, నా తెలివి! ఏం చేశాన్రా దేవుడా అనుకున్నాను.

కూర్మారావు బాడీలోకి ఎగబాకి భుజం పట్టి కుదిపాడు. నీలమ్మ కళ్ళు తెరిచి, విసుగ్గా చూసింది.

"ఏటిరా? ఇల్లొచ్చీసిందేటి?"

నిద్రపోయింది. ఆ బండిలో ఆమె నిద్రపోవడం అదే మొదటిసారని కూర్మారావు తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం కిందికి దిగి, టైరు మీద చేయి ఆనించి నిలబడ్డాడు.

ఆ తర్వాత సస్పెన్షన్ పనికి వచ్చిన ప్రతివాణ్ణీ బండిలో ఎవరు ఎక్కుతారని అడిగేవాణ్ణి. సగం మంది నిజం చెప్పేవారు కాదు. అందుకని జాకీ పెట్టి లేపేటప్పుడు బండిని మెకానిక్కులకు వదిలేసి, నేను యజమాని ఎక్కడికి పోయి చూస్తాడో గమనించేవాణ్ణి.