గ్లాసు కింద పాచిక

శుక్రవారం పొద్దున అక్క ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ లేస్తలేడు" అన్నది. చండ్రుగొండలో నేను వాళ్ల వీధి చివరే ఉంటాను. వెళ్లేసరికి బావ పక్కకు తిరిగి నిద్రపోతున్నట్టే ఉన్నాడు. కాసేపు నేను నమ్మలేదు. ఆయన దగ్గర నమ్మకపోవడం నాకు పాత అలవాటు.

పెద్దకర్మ రోజు మైకు పట్టుకున్నవాళ్లంతా ఆయన చీమకైనా హాని చేయలేదన్నారు. నన్ను మూడుసార్లు చంపాడు. ఆ సంగతి మైకులో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కొత్తగూడెంలో ఉద్యోగం చేసే బావ కూతురు, అంటే నా మేనకోడలు, కాలేజీలో నేర్చుకున్న ఒక ఆటను ఇంటికి తెచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు, కత్తివీరుడో మంత్రగాడో. కథలో తన పాత్ర ఏం చేస్తుందో ఎవరికి వాళ్లు నోటితో చెబుతారు. చేసింది ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. హిస్టరీ లెక్చరర్‌గా రిటైరైన బావ ఆ ఆట పెట్టెను కూతురి చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. కథ నడిపే కుర్చీ ఆయనదే అయింది. ఎక్కడికెళ్లినా అలాంటి కుర్చీ ఆయనదే. ఆడేది ముగ్గురం: నేను, మేనకోడలు, ఎదురింటి లైన్‌మన్. ఆదివారం మధ్యాహ్నాలు, వెనక వరండాలో.

పెట్టెలో వచ్చిన పుస్తకంలో చావుకు బోలెడు మినహాయింపులున్నాయి. మంత్రమేస్తే పోయినవాడు లేచి వస్తాడు. బావ ఆ పేజీలన్నిటినీ కలిపి క్లిప్పు పెట్టేశాడు.

"గిది మా ఇల్లు. ఈడ పోయినోడు పోయినట్టే."

ఆ ఇంటి నియమాలు ఇవీ. దెబ్బలు తిని పాత్ర ప్రాణం పాయింట్లు సున్నాకొస్తే ఆట అక్కడే ఆగాలి. ఆ పాత్ర ఎవరిదో వాళ్లు ఇరవై ముఖాల పాచికను స్టీలు గ్లాసులో ఆడించి, బల్ల మీద బోర్లించాలి. పది, లేదా అంతకు మించి పడితే బతుకు. తక్కువైతే చావు. కానీ గ్లాసు ఎత్తేది వచ్చే ఆదివారమే.

"ఇప్పుడే చూస్తే ఏమైతది సారూ?" అని లైన్‌మన్ అడిగాడు.

"దవాఖానా బయట కూసున్నోళ్లకు ఎవలన్న జల్దీ చెప్తరా? వారం కూసో. వాడంటే నీకెంత పానమో అప్పుడు తెలుస్తది" అన్నాడు బావ.

చచ్చినవాడే ఆ రోజు అందరికీ చాయ్ పెట్టాలన్నది ఇంకో నియమం. మూడుసార్లూ నేనే పెట్టాను. అల్లం ఎక్కువేశానని లైన్‌మన్ ఇప్పటికీ అంటాడు.

గమనించండి. ఆ గ్లాసు వారమంతా ఉండేది ఎవరింట్లో? మేనకోడలి పాత్ర రెండుసార్లు గ్లాసు కిందికి వెళ్లి, రెండుసార్లూ బతికింది. నా కత్తివీరుడు మొదటిసారే పోయాడు. అప్పటినుంచి నేను ఎవరూ చూడకుండా గ్లాసు అంచు వెంట బల్ల మీద సన్నగా పెన్సిలు గీత గీసేవాణ్ని. తర్వాత రెండుసార్లూ గ్లాసు గీత మీంచి కదల్లేదు. అయినా చచ్చాను. ఇంకేదో ఉపాయం కనిపెట్టి ఉంటాడనుకున్నాను.

ఈ లెక్క ఆటతో మొదలైంది కాదు. నా పెళ్లి ఆయనే కుదిర్చాడు, తన చిన్నాన్న కూతురితో. నన్ను అడగలేదు. ఆమెతో నేను సుఖంగా బతికాననేది వేరే మాట. ఆమె జబ్బు ముదిరిన రోజు మందులకని ఖమ్మం వెళ్లాను. బావకు ఫోన్ చేస్తే, "ఏం కాలే, నిమ్మళంగా రా" అన్నాడు. అప్పటికే ఆమె పోయింది. నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని మక్కకంకి తింటూ వచ్చాను. ఆ కంకిని నేను క్షమించలేదు.

నా నాలుగో పాత్ర మందులిచ్చే ముసలమ్మ. ఆమెకు నా భార్య మాటతీరు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజు ముసలమ్మ, "గదేందయ్యా, కాళ్లు తడుస్తయని వాగు దాటవా?" అనగానే బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత కథలోని అడవిలో ఆమె మీదికి ఒక్క ఎలుగుబంటిని కూడా పంపలేదు. నేను దాన్నీ అనుమానించాను.

ఆయన ఆడించిన చివరి ఆదివారం మేం నది దాటుతున్నాం. లైన్‌మన్ వీరుడు దెబ్బ తిని ఒడ్డున పడిపోయాడు. ముసలమ్మ పడవ దిగిందన్నాను.

"మామా, ఎక్కు! వాన్ని వదిలెయ్!" అని అరిచింది మేనకోడలు.

"గట్లనకమ్మా, నా వీరునికి ఇంకా పెండ్లి కాలే" అన్నాడు లైన్‌మన్.

ముసలమ్మ వాణ్ని పడవలోకి లాగింది. తనూ ఎక్కుతుంటే వీపులో బాణం దిగింది. ప్రాణం సున్నా. బావ పాచికను తీసి నా ముందు పెట్టాడు. తర్వాత, "గ్లాసు తేండ్రి" అన్నాడు. బోర్లించాను. గీత గీశాను. ఆ శుక్రవారమే ఆయన పోయాడు.

పెద్దకర్మ అయిన తర్వాతి ఆదివారం అందరికన్నా ముందు వెళ్లి చూశాను. గ్లాసు గీతకు వేలెడు దూరంలో ఉంది.

"అక్కా, దీన్ని ఎవలన్న ముట్టిండ్రా?"

"ముట్టనిస్తనా? ఇంటినిండ జనమున్నా బల్ల దగ్గరికి ఎవల్ని రానియ్యలే. ఆయనే, బుధవారం పొద్దుగాల చాయ్ గూడ తాగకుండ ఆడ కూసున్నడు. ఏం చూస్తున్నవయ్యా అంటే, ముసలామెకు ఎట్లుందో అన్నడు."

మేనకోడలు, లైన్‌మన్ వచ్చారు. ఎత్తడానికి ఎవరూ చెయ్యి చాపలేదు. నేనే ఎత్తాను.

పది.

"బతికింది సారూ!" అని లైన్‌మన్ బావ కుర్చీ వైపు తిరిగి బల్ల చరిచాడు. మేనకోడలు ఏడ్చింది.

నేను పాచిక వంక చూస్తూ కూర్చున్నాను. ఇరవై పెడితే నేను నమ్మనని ఆయనకు తెలుసు. అలాంటివాడు సరిగ్గా పదే పెడతాడు. లేదా పాచిక తనంతట తానే పది పడి ఉంటుంది, ఆయన ఆగలేక చూసి, మూసి, నిమ్మళంగా చాయ్ తాగడానికి వెళ్లి ఉంటాడు. ఇన్నాళ్లూ నన్ను మోసం చేసి చంపాడని అనుమానించాను. ఇప్పుడు మోసం చేసి బతికించాడేమోనని అనుమానం. ఆయనే లేచొచ్చి చెప్పినా నేను నమ్మను.

"తమ్మీ, చాయ్‌కు గ్లాసొకటి తక్కువైంది. అది ఇటియ్యి" అన్నది అక్క వంటింట్లోంచి.

"వేరేది చూడక్కా."

వేలు తడి చేసి పెన్సిలు గీతను చెరిపేశాను. పది అలాగే ఉండగా, దాని మీద గ్లాసును మళ్లీ బోర్లించాను, బావ వదిలిన చోటే. వరండాలోకి ఎండ వచ్చి స్టీలు మీద పడింది. దాని కింద, నది మధ్యలో, పడవలో ముసలమ్మ కూర్చుని ఉంది.