ముందు సూది, తరవాత పేరు

మా పిల్లికి షుగర్ ఉందని మొదట కనిపెట్టింది నేను కాదు, మా ఆసుపత్రి ఆయమ్మ. పదిహేనేళ్లుగా నర్సు పని చేస్తున్నాను. రోజూ ఎంతోమంది వేళ్లు గుచ్చి చుక్క నెత్తురు తీసి చూస్తాను. అలాంటిది నా మంచం కింద పడుకునే జీవి పొద్దస్తమానం బకెట్టులో తల పెట్టి నీళ్లు తాగుతుంటే, ఎండలు కదా అనుకుని ఊరుకున్నాను. ఆయమ్మ ఒకరోజు నా క్వార్టరు వరండా కడుగుతూ, అది ఉచ్చ పోసిన మూల చూసి చీపురు ఆపింది.

"సిస్టరమ్మా, ఇటు సూడు. చీమలు పట్టినయ్. నీ పిల్లికి షుగరున్నది."

నవ్వాను. ఆ సాయంత్రం దాని చెవి అంచు గుచ్చి మీటరు పెట్టాక నవ్వు పోయింది.

తెలుగు సరిహద్దు అవతల, కుంట అనే ఊరి దగ్గర రోడ్డు పక్కన చిన్న ఆసుపత్రి మాది. ఆ పిల్లి మా స్టోరు రూములో ఎలుకల కోసం వచ్చి, నా గదిలో ఉండిపోయింది. పేరు పెట్టలేదు. పిల్లి అంటే పలికేది, ఇంకేం కావాలి? అప్పటినుంచి పొద్దున ఏడింటికి ఒక సూది, సాయంత్రం ఏడింటికి ఒక సూది. ముందు తిండి పెట్టాలి, తింటేనే సూది. కరెంటు పోతే మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచేదాన్ని. "మనుషులకే మందులు లేక చస్తుంటే పిల్లికి ఇన్సులిన్ ఏంది?" అని మా కాంపౌండరు నలుగురిలో అన్నాడు. మాట నిజమే. నిజమైనంత మాత్రాన కోపం రాకుండా ఉంటుందా? వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

జర్మనీకి ఎందుకు వెళ్లావని అడిగిన వాళ్లకు చెప్పడానికి నా దగ్గర గొప్ప కారణమేమీ లేదు. అలసిపోయాను. ఒక వార్డు, ఇద్దరు నర్సులు, నాలుగు భాషలు. రోగి గోండిలో మూలిగితే ఆయమ్మ దొర్లిలో అర్థం చేసుకుని నాకు తెలుగులో చెప్తే నేను డాక్టరుకు హిందీలో చెప్పాలి. ఇంత చేసే నోటికి ఇంకో భాష బరువా అనుకుని, సిగ్నల్ అందే డాబా మీద ఫోను పట్టుకుని రెండేళ్లు జర్మన్ నేర్చుకున్నాను. అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. పెళ్లి ఎప్పుడో అయింది, ఎప్పుడో తెగిపోయింది. తాళం తీస్తే ఎదురొచ్చేది ఆ పిల్లి ఒక్కటే. వెళ్తే దానితోనే వెళ్తానని మొదటిరోజే అనుకున్నాను. మిగతా వాటికి మనసు ఊగింది కానీ ఆ ఒక్క విషయంలో ఊగలేదు.

పిల్లి జర్మనీ వెళ్లాలంటే దాని మెడ చర్మం కింద నంబరున్న చిప్ పెట్టాలి. కుక్కకాటు జబ్బుకు టీకా వేయాలి. నెల ఆగి నెత్తురు పరీక్షకు పంపాలి. ఆ తరవాత మూడు నెలలు ఎదురుచూడాలి. లెక్క వేసుకుంటే నేను అక్కడ డ్యూటీలో చేరే తేదీకి సరిగ్గా సరిపోయింది. పిల్లిని బుట్టలో పెట్టుకుని సంతకు వెళ్లాను. రిటైరైన పశువుల డాక్టరు ఒకాయన సంతరోజున అక్కడ కూర్చుని మేకల్నీ కోళ్లనీ చూసేవారు. మా ప్రాంతంలో పిల్లి కోసం డాక్టరు దగ్గరికి వచ్చిన మొదటిదాన్ని నేనేనట. చుట్టూ చేరిన జనం కోళ్ల బేరం మానేసి నన్ను చూశారు.

"చిప్ రాయ్‌పూర్ నుంచి తెప్పించాలె. పది రోజులు పడ్తది," అన్నారు డాక్టరుగారు. "ఇంత దూరం వచ్చిన్రు, టీకా ఇయ్యాలే వేసేద్దాం. పహలే సూది, బాద్ మే నంబర్. గొడ్లకూ గంతే. ముందుగాల చెవికి బిళ్ల కొట్టినమనుకో, పశువు మళ్ల మన దగ్గరికే రాదు."

నేను మనస్ఫూర్తిగా తలూపాను. ఊపకేం చేస్తాను? మా వార్డులో నేను నడిపిందీ అదే పద్ధతి. అడవి లోపలి ఊళ్ల నుంచి జ్వరంతో ఒళ్లు కాలిపోతూ ఆడవాళ్లు వస్తారు. పేరడిగితే కొందరు చెప్పరు, కొందరు భయపడి వేరే పేరు చెప్తారు. ముందు సూది, తరవాత పేరు. కేసు షీటు మీద గీత గీసి వదిలేసి, మనిషి కుదుటపడ్డాక ఆయమ్మ చేత మెల్లగా అడిగించేదాన్ని. కొత్తగా వచ్చిన నర్సు పిల్లలకు అదే నేర్పాను. ఆ పద్ధతి మీద నాకు గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం సంగతి హైదరాబాదులో తేలింది. అక్కడ పెంపుడు జంతువుల కాగితాలు చూసిపెట్టే అమ్మాయి, నేను పంపినవి చూసి ఒకరోజు ఫోను చేసింది.

"మేడమ్, చిప్ తేదీ టీకా తేదీ తరవాత ఉంది. ఇది చెల్లదు."

"రెండూ వేయించాను కదమ్మా."

"టీకా వేసినప్పుడు దానికి నంబరు లేదు మేడమ్. వేసింది ఈ పిల్లికే అని రుజువేంటి?"

"నేను పక్కనే ఉన్నాను. నా చేతులతో పట్టుకున్నాను."

"మీరు పట్టుకుంటే రుజువు కాదు మేడమ్," అంది ఆ అమ్మాయి, పాపం, మర్యాదగానే.

మళ్లీ టీకా, మళ్లీ నెల, మళ్లీ నెత్తురు, మళ్లీ మూడు నెలలు. నా డ్యూటీ తేదీ మాత్రం వాయిదా పడదన్నారు. ఆ రోజు పిల్లి సూది వేళ దాటిపోతుంటే లేవబుద్ధి కాలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేక గోడకానుకుని కూర్చున్నాను. అదే వచ్చి కాలికి రాసుకుంది.

ఆయమ్మే అన్నది. "నువ్ పో సిస్టరమ్మా. నేనుంట. సూది నేనేస్త."

ఆయమ్మది ఎర్రబోరు ఊరికి అవతలి పల్లె. కొడుకులు అక్కడే సేద్యం చేసుకుంటారు. తను ఆసుపత్రి వెనక ఒక గదిలో ఒంటరిగా ఉండేది. అంకెలు చదవడం రాదు. అందుకని ప్రతి సిరంజి మీదా, మందు ఎంతవరకు లాగాలో అక్కడ ఎర్ర గోళ్ల రంగుతో చుక్క పెట్టాను. నాలుగైదు నెలలకు సరిపడా సిరంజిలు, అన్నిటికీ చుక్కలు. మూడు రోజులు నా వేళ్లు ఎర్రగానే ఉన్నాయి. ఆయమ్మ మొదటిసారి సూది వేసినప్పుడు పిల్లి కదల్లేదు. నాకు ధైర్యం వచ్చింది. కాస్త కడుపులో మండింది కూడా.

జర్మనీలో నన్ను వృద్ధుల వార్డులో వేశారు. అక్కడ ముందు పేరు, తరవాత పుట్టిన తేదీ, తరవాత చేతికున్న పట్టీ, అన్నీ కలిస్తేనే సూది. పొద్దునే చూసి, మధ్యాహ్నం మాట్లాడి, సాయంత్రం మళ్లీ అదే ముసలావిడను మీ పేరేంటని అడగాలి. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసేది. నాకూ అలాగే ఉండేది. డ్యూటీ దిగి గదికొచ్చి చెప్పులు విప్పే ముందే ఆయమ్మకు ఫోను చేసేదాన్ని. తెర మీద పిల్లి తోకో, ఆయమ్మ గడ్డమో కనిపించేది. "తిన్నది. వేసిన," అనేది ఆయమ్మ. ఆ రెండు మాటలు విని నిద్రపోయేదాన్ని.

సంత డాక్టరుగారు పంపిన నెత్తురు పరీక్ష బాగా వచ్చింది. నెలలు గడిచాయి. యజమాని వెంటే ప్రయాణం చేయాలి కాబట్టి సెలవు పెట్టి నేనే తిరిగి వచ్చాను. ఇప్ప పూల కాలం. బస్సు దిగి బ్యాగుతో సహా నేరుగా ఆయమ్మ గదికి వెళ్లాను. సాయంత్రం ఏడు కావస్తోంది. పిల్లి గడప మీద కూర్చుని ఉంది, ఒళ్లు నిగనిగలాడుతూ. "పిల్లీ," అన్నాను. చూసింది. నా చెయ్యి వాసన చూసింది. మళ్లీ గడప మీదికి వెళ్లి ఆసుపత్రి వైపు ముఖం పెట్టి కూర్చుంది. కాసేపటికి డ్యూటీ దిగి ఆయమ్మ వస్తూ దూరం నుంచే ఏదో పేరు పిలిచింది. దొర్లి పేరు. పిల్లి తోక నిలబెట్టి ఎదురు పరుగెత్తింది.

ఆ పేరు ఇక్కడ రాయను. అది నేను పెట్టింది కాదు.

నాలుగు రోజులున్నాను. సూది ఆయమ్మే వేసింది, నేను పక్కన కూర్చున్నాను. పిల్లిని ఇక్కడే ఉంచమని ఆయమ్మ ఒక్క మాట అంటే ఉంచేసేదాన్ని. నిజంగానే ఉంచేసేదాన్ని. ఆవిడ అనలేదు. నాకు తెలుసు, ఆవిడ ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగదు. జీతం ఆలస్యమైనా అడగదు, ఒంట్లో బాగాలేకపోయినా సెలవడగదు. అడగదని తెలిసే, అడుగుతుందేమో అన్నట్టు ఎదురుచూశాను. తప్పు నా మీద లేకుండా చూసుకోవడానికి.

వెళ్లేరోజు బస్సు దగ్గరికి బుట్ట ఆయమ్మే మోసుకొచ్చింది. రోడ్డు మీదికి తెచ్చినప్పుడు కుక్కల భయానికి పిల్లి మెడకు ఒక నూలుతాడు కట్టేది. బుట్ట నాకిచ్చే ముందు ఆ తాడు విప్పి, చుట్టచుట్టి బొడ్లో దోపుకుంది.

"దారికి పనికొస్తుంది, ఉంచు ఆయమ్మా," అన్నాను.

"తాడియ్యం సిస్టరమ్మా. సంతల ఎడ్లనమ్మినా పలుపియ్యం. పశువు పోతది, తాడు ఇంట్లుండాలె."

హైదరాబాదు వరకు బస్సు, అక్కడినుంచి రెండు విమానాలు. దారిలో సూదులు నేనే వేశాను. ఒళ్లు బిగపట్టుకుంది, కానీ వేయనిచ్చింది. జర్మనీ విమానాశ్రయంలో ఒకావిడ దాని మెడ మీద యంత్రం ఆనించింది. నంబరు పలికింది. కాగితం మీద పేరు దగ్గర నేను రాసిన 'పిల్లి' చదివి, చాలా అందమైన పేరు అంది. థాంక్స్ చెప్పాను. అంత సేపే. అన్ని నెలలూ దేనికోసం పడ్డానో అది ఒక నిమిషంలో అయిపోయింది.

రోజుకు అరగంట చొప్పున జరుపుతూ సూదిని ఇక్కడి ఏడింటికి తెచ్చాను. షుగర్ అదుపులోనే ఉంది. తింటోంది, కిటికీలో ఎండకు పడుకుంటోంది. ఇక్కడి డాక్టరు నన్ను మెచ్చుకుంది కూడా.

మధ్యాహ్నం మూడున్నరకు మాత్రం లేస్తుంది. అప్పుడు ఆయమ్మకు సాయంత్రం ఏడు. పొద్దుటి డ్యూటీ చేసిన రోజుల్లో ఆ వేళకు నేను ఇంట్లోనే ఉంటాను. లేచి నన్ను దాటుకుని వెళ్లి, తలుపుకు ఎదురుగా కూర్చుంటుంది. మొన్న ఉండబట్టలేక ఆ పేరుతో పిలిచాను, ఆయమ్మ పలికినట్టే పలికాను. వెంటనే చెవులు నిక్కబొడుచుకుంది. నా వైపు తిరగలేదు. లేచి నిలబడి, తలుపు తెరుచుకుంటుందని చూసింది.