పూల బడిలో సీటు

ఆ రోజుల్లో పిల్లని ఏ బడిలో వెయ్యాలన్నది పిల్లకి తప్ప ఊళ్ళో అందరికీ సంబంధించిన విషయం. ఒడిశాలోని రాయగడలో మా వీధి చివరి తెలుగు బడిలో నా ఐదో తరగతి అయిపోయేసరికి, నా భవిష్యత్తు మీద మా కిరాణా కొట్టు ముందు రోజూ సభ జరిగేది. చింతపండు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా తూకం అయ్యేలోపు ఒక సలహా పారేసి పోయేవారు. ఎంపిక రెండిటి మధ్యే. ఒకటి సర్కారు వారి ఎం.ఇ. స్కూలు, అంటే మిడిల్ ఇంగ్లీషు స్కూలు (చదువంతా ఒడియాలో). రెండోది ఊరి చివర కొత్తగా వెలిసిన పబ్లిక్ స్కూలు (అది పూర్తిగా ప్రైవేటు). ఈ పేర్లు పెట్టినవాళ్ళు ఏం చదువుకున్నారా అన్న అనుమానం నాకు అప్పుడే రావలసింది, రాలేదు. ఎందుకంటే నాకు చదువుతో పని లేదు. నాకు టై కావాలి.

ఆ టై మా ఎదురుకొట్టు బాబాయి కొడుకు మెడలో ఉండేది. ఎర్ర గీతల టై. వాడు బస్సు దిగి ఇంట్లోకి పోకుండా వాళ్ళ కొట్టు గట్టుమీద కూచుని, చెమట కారిపోతున్నా దాన్ని విప్పకుండా, దాంతోనే ముక్కు తుడుచుకునేవాడు. ఆ వైభవం చూస్తే నాకు అన్నం సయించేది కాదు. వాడికి టైగాడు అని పేరు పెట్టి వీధంతా ప్రచారం చేశాను గాని, దానివల్ల కడుపుమంట తగ్గలేదు. బాబాయి అయితే మా కొట్టుకేసి తిరిగి, "మావోడికి కలలు కూడా ఇంగ్లీసులోనే వత్తన్నాయి అన్నియ్యా!" అని అరిచేవాడు. ఆ కలలు బాబాయికి ఎలా అర్థమయ్యాయో ఎవరూ అడగలేదు.

ఇంట్లో మా మామ్మది సర్కారు పక్షం. "ఆడపిల్లకి బస్సెక్కి ఎల్లే సదువేట్రా? సర్కారోడి బడికి నడిసెల్తే అచ్చరాలు అంటుకోవేటి?" అనేది. నాన్నకి మాత్రం పబ్లిక్ స్కూలే కావాలి. ఆయన సిక్కోలు దగ్గర పల్లెలో ఐదు చదివి, ఆపైన బెల్లం దిమ్మలతో సహవాసం చేసిన మనిషి. "నాను నేర్సుకోనేనిది అది నేర్సుకోవాలమ్మా. ఆఫీసుకెల్తే ఆలు ఇంగ్లీసులో ఏటో అంటారు, నాను గోడలకేసి సూత్తాను. నా కూతురు అలాగ గోడలు సూడకూడదు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మామూలుగా లేదు. మామ్మ లేచి ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నాకూ ఆ గొంతు తెలిసింది గాని, నా బుర్రలో టై ఊగుతోంది కాబట్టి ఎక్కువసేపు నిలవలేదు.

ఇంటర్వ్యూ అన్నారు. నాకు అనుకుని నేను హడలిపోయాను గాని, అది తల్లిదండ్రులకట. అమ్మ కొట్టు వదిలి రానంది (అమ్మ తెలివైనది). నాన్న పెళ్ళిళ్ళకి దాచుకున్న చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని, దారంతా నాకు పాఠం చెబుతూ వచ్చేడు. "ఆలు ఏటడిగినా ఎస్ మేడమ్ అను. తెలుగు మాత్రం మాటాడకు. నాను ఒడియాలో సూసుకుంతాను."

ఇక్కడ మా నాన్న ఒడియా గురించి చెప్పాలి. ఏ తెలుగు మాటనైనా నోరు గుండ్రంగా చేసి పలికితే అది ఒడియా అయిపోతుందని ఆయన నమ్మకం. కొట్లో అది బాగానే నడిచేది. ఎందుకంటే వచ్చేవాడికి సరుకు కనిపిస్తూ ఉంటుంది, ఆయన ఏమన్నా పరవాలేదు. ప్రిన్సిపాల్ గదిలో సరుకు లేదు. చల్లగాలి మిషను, గ్లోబు, కటకం వైపు నుంచి కొత్తగా వచ్చిన పెద్ద కళ్ళద్దాల మేడమ్ ఉన్నారు. గోడకి ఆనించిన అద్దాల బీరువాలో వరసగా టైలు ఉన్నాయి. నేను ఆ బీరువాకి అప్పుడే అంకితమైపోయాను.

మేడమ్ మర్యాదగా ఒడియాలోనే ఏం చేస్తుంటారని అడిగారు. కిరాణా కొట్టు అన్నాడు నాన్న. అంతవరకూ బాగుంది. అమ్మాయిని ఇక్కడికి ఎందుకు తెచ్చారని అడిగారు. మా అమ్మాయికి మంచి బడి కావాలి అని చెప్పాలి. నాన్న గుటక మింగి, నోరు సాధ్యమైనంత గుండ్రం చేసి, "మో ఝియ పాయిఁ భొలొ బొడి దొర్కార్, మేడమ్" అన్నాడు.

మేడమ్ మొహం వెలిగిపోయింది. "ఓ, బొడి! పిలామానంకు ఫులొబొడి భొలొ" అన్నారు. పిల్లలకైతే ఫులొబొడి మంచిది అని.

నాన్న కుర్చీలో నిటారుగా అయిపోయేడు. ఫులొ అంటే పువ్వని ఆయనకి తెలుసు. బొడి అంటే ఇందాకే తను కష్టపడి తయారుచేసిన బడి. పూల బడి! అంటే గోడల మీద పువ్వులు వేసి, మూడేళ్ళ పిల్లల్ని కూచోబెట్టి పాటలు పాడించే బడి! ఒడియా ఒక్కసారిగా ఎగిరిపోయి, "మా అమ్మి ఐదు పాసయిపోనాది మేడమ్! దాన్ని పూల బడిలో ఎయ్యమంతారేటి? అదేటి, సొంగ కార్సుకునే పిల్లలా కనపడతందా మీకు?" అంటూ లేచిపోయేడు. మేడమ్‌కి తెలుగు రాదు. ఆవిడ ఇంకా ప్రసన్నంగా తలూపుతూనే ఉన్నారు. నాన్న నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాడు. గేటు దగ్గర నేను టై కోసం ఏడ్చిన ఏడుపు ఆ స్కూలు పిల్లలంతా కిటికీల్లోంచి చూశారు. అందులో టైగాడు కూడా ఉన్నాడు.

మర్నాడే సర్కారు స్కూల్లో వేశారు. అక్కడ ఇంటర్వ్యూ లేదు. హెడ్‌మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, తక్కిన పిల్లలకన్నా పొడుగున్నానని చేతికో కర్ర ఇచ్చి మానిటర్ని చేసేశారు. నా ప్రతిభని అంత తొందరగా గుర్తించినవాళ్ళు ఆ తరవాత ఎవరూ లేరు.

కొన్నాళ్ళకి పబ్లిక్ స్కూలు హాస్టలు వంటమనిషి మా కొట్టుకి వచ్చేడు. మేడమ్ పంపించారట. ఆవేళ మంచి బొడి గురించి చెప్పి అంతలోనే ఎందుకో కోపంగా వెళ్ళిపోయారు, ఫులొబొడి ఉంటే ఇమ్మన్నారు అన్నాడు. నాన్న చేతిలో తరాజు కింద పెట్టేశాడు. బొడి అంటే మినప్పిండి వడియం. ఫులొబొడి అంటే పువ్వులా తేలిగ్గా వేగే వడియం. రోజూ కొట్లో గోనెల్లోంచి తీసి తనే అమ్ముతాడు. తన చేతి సరుకే ఆ చల్లగాలి గదిలో గుర్తుకు రాలేదు. అమ్మ బెల్లం దిమ్మ మీద కూలబడి నవ్వింది. మామ్మ మాత్రం, "ఒడియాల బడిలో సీటిత్తానంటే ఒద్దనీసి వచ్చేవేట్రా నాయనా!" అని కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రం నాన్న నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు. "మల్లీ ఎల్లి అడగమంతావేటి అమ్మీ? ఎల్తాను. ఆవిడ నవ్వితే నవ్వుద్ది" అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. మళ్ళీ ఆ కుర్చీలో కూచోడానికి, మళ్ళీ నోరు గుండ్రం చెయ్యడానికి నిజంగానే సిద్ధంగా ఉన్నాడు. నేను వద్దన్నాను. నాన్న పరువు కోసమే వద్దన్నానని ఇప్పుడు అందరికీ చెబుతుంటాను. అసలు కారణం మానిటరు కర్ర. టై ఉన్నవాడు ముక్కే తుడుచుకోగలడు, కర్ర ఉన్నదాని ముందు నలభైమంది నోరు మూసుకుంటారు. (నాన్న మొహం చూసి గుండె కలుక్కుమన్న మాటా నిజమే. రెండూ నిజమే.)

ఇప్పుడు నేను అదే ఒడిశాలో, జయపురంలో ఉన్నాను. నా కూతురు ఆరో తరగతిలోకి వచ్చింది. మళ్ళీ సభలు మొదలయ్యాయి, ఈసారి ఫోన్లలో. మా ఆయన రంగురంగుల బ్రోచర్లు మంచమంతా పరిచి, ఈ స్కూల్లో గుర్రపుస్వారీ, ఆ స్కూల్లో ఈతకొలను అంటుంటారు. అసలు మనిషిని అడుగుదామని నేను దాని దగ్గరికెళ్ళి, "ఏ బడికెళ్తావే అమ్మీ?" అన్నాను. అది తలెత్తకుండానే, "బడి అంటే వేయించుకుని చద్దన్నంలో నంచుకునేది కదమ్మా?" అంది.

కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వు ఆగాక ఏదో గుచ్చుకుంది. ఒకప్పుడు మా నాన్న నోట్లోంచి జారిపోయిన తెలుగు మాట, నా ఇంట్లో ఎప్పుడు పోయిందో నేను చూసుకోనేలేదు. మరి నీకేం కావాలే అంటే, బ్రోచర్లో ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. టై. దానిమీద కూడా ఎర్ర గీతలే.

రేపు ఇంటర్వ్యూ. ఇందాక నాన్నకి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. చాలాసేపు నవ్వి, ఆయాసపడి, సర్దుకుని అన్నాడు: "ఇంటికాడ దానికి బడి అనే నేర్పు అమ్మీ. ఆడకెల్లినప్పుడు మాత్తరం, నా మాటిని, స్కూలు అను."