డోసు పిసినారి

మా స్కానింగ్ విభాగంలో పెద్ద టెక్నీషియన్‌కి మేం పెట్టుకున్న పేరు పిసినారి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. గుండెకి సీటీ స్కాన్ తీసేటప్పుడు మనిషి ఒంట్లోకి వెళ్లే రేడియేషన్‌ని ఆమెలా ఆచితూచి వాడేవాళ్లని నేనింతవరకూ చూడలేదు. గుండె నిమిషానికి అరవైసార్లు కొట్టుకుంటే కిరణాలు కాస్సేపు వదిలితే చాలు. ఎనభై దాటిందంటే బొమ్మ అలుక్కుపోతుంది, ఎక్కువసేపు వదలాలి. అందుకని ఆమె బల్ల పక్కన స్టూలు వేసుకుని, పేషంటు మణికట్టు పట్టుకుని, ఇంట్లో కత్తెర ఎక్కడ పెట్టి మర్చిపోతారో దగ్గర్నుంచీ కబుర్లాడుతూ కూర్చుంటుంది. బయట జనం పెరిగిపోతుంటే నాకు ఒళ్లు మండేది. అంకె దిగితేగానీ ఆమె లేవదు.

ఒకరోజు పేషంట్ల జాబితాలో వాళ్లక్క పేరుంది. ఏడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. వాళ్లమ్మ జబ్బుపడ్డప్పుడు ఇంకో స్కాన్ తీయిద్దామని అక్క పట్టుబట్టింది. అనవసరమని డాక్టరు అన్నాడు, ఈమె కూడా అదే అంది. నెల తిరక్కుండానే అమ్మ పోయింది. కన్నతల్లి దగ్గర కూడా పిసినారితనమేనా అని అక్క అందరి ముందూ కడిగేసి వెళ్లిపోయింది. తర్వాత ఈమె ఫోన్ చేస్తే ఎత్తలేదు. అయినా ప్రతి ఆదివారం చేస్తూనే ఉంది, సిగ్గూ శరం లేకుండా. ఆమెకి అక్క కావాలి, అంతే.

ఉదయం నుంచి ఆ స్టూలు మూడుసార్లు తుడిచింది. అక్క వచ్చి బల్లమీద పడుకుంది. తెరమీద డెబ్భై ఉన్న అంకె, ఈమె వెళ్లి మణికట్టు పట్టుకోగానే తొంభైకి ఎగబాకింది. అక్క ఉబ్బసం మనిషి కాబట్టి గుండె వేగం తగ్గించే మాత్ర వేయడానికీ లేదు. పావుగంట గడిచినా అంకె దిగలేదు. అందరితో గలగలా మాట్లాడే మనిషి నోట ఒక్క మాట రాలేదు.

పోనీ కిరణాల డోసు పెంచి తీసేద్దాం, మీరు ఇంకాసేపు కూర్చోండని ఆమె చెవిలో చెప్పాను. ఆమె అక్క చేతిని మెల్లగా బల్లమీద పెట్టి, నన్ను గుమ్మందాకా తీసుకెళ్లింది.

"నన్ను చూస్తేనే అక్కకి ఒళ్లు మండిపోతోంది. నేనుంటే తగ్గదు. నువ్వు తియ్యి."

వెళ్లి వరండాలో కూర్చుంది. ఏడేళ్లు ఎదురుచూసిన మనిషిని పావుగంటకే వదిలి వెళ్లిపోయింది.

కాసేపటికి అంకె ఎనభైకి వచ్చింది, తర్వాత డెబ్భై, చివరికి అరవై రెండు. ఊపిరి బిగపట్టమని చెప్పి స్కాన్ తీశాను. ఆ నెలలో అంత తక్కువ డోసు ఎవరికీ పడలేదు. లోపలికెళ్లి ఛాతీమీది తీగలు విప్పుతుంటే అక్క నన్ను అడిగింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందండీ."

"ఇక గుండె ఎంత కొట్టుకున్నా ఫరవాలేదుగా?"

"ఫరవాలేదండీ."

"అయితే దాన్ని లోపలికి పిలవండి."